మిస్టర్ హ్యారిగన్స్ ఫోన్

మిస్టర్ హ్యారిగన్స్ ఫోన్ 2022లో విడుదలైన అమెరికన్ చలనచిత్రం. స్టీఫెన్ కింగ్ అదే పేరుతో రాసిన నవలిక దీనికి ఆధారం. జాన్ లీ హాన్‌కాక్ స్క్రీన్‌ప్లే రాసి దర్శకత్వం వహించాడు. డొనాల్డ్ సదర్లండ్, జేడెన్ మార్టెల్ ముఖ్య పాత్రధారులు. థియేటర్ల ఊసు లేకుండా 2022 అక్టోబరు 5న నెట్‌ఫ్లిక్స్‌లో నేరుగా వచ్చింది. నిడివి గంటా ముప్పావుకు కాస్త అటూ ఇటూ. అమెరికా ఈశాన్య కొసన ఉన్న మెయిన్ రాష్ట్రంలో ఒక చిన్న ఊరు, తల్లి లేని కుర్రవాడు, కోట్లకు పడగెత్తి పెద్ద బంగళాలో ఒంటరిగా ఉండే ముసలాయన, ఇద్దరికీ మధ్య ఒక సెల్‌ఫోన్. కథకు కావలసిన సరంజామా ఇంతే. ముసలాయన పోతాడు. ఆయన కోటు జేబులో ఉన్న ఫోన్ కూడా శవపేటికతో పాటు మట్టిలోకి వెళ్తుంది. ఆ తర్వాత ఆ ఫోన్ నుంచి కుర్రవాడికి మెసేజ్‌లు రావడం మొదలవుతుంది.

హారర్ సినిమాలు తీయడంలో పేరుమోసిన బ్లమ్‌హౌస్ సంస్థ నిర్మాణంలో భాగస్వామి కావడం, మూల రచయిత కింగ్ కావడం వల్ల దీన్ని భయపెట్టే సినిమాల వరసలో చేర్చారు. ఆ అంచనాతో కూర్చున్న ప్రేక్షకుడు చాలాసేపు ఎదురుచూపులతోనే గడపాలి. సినిమా సగభాగం దాకా అతీంద్రియమైనదేదీ జరగదు. ఒక పెద్దాయన కుర్చీలో కూర్చుని వింటుంటాడు, ఒక పిల్లవాడు పుస్తకం చదువుతుంటాడు. ఈ సగమే సినిమాకు ప్రాణం అని ఈ వ్యాసకర్త అభిప్రాయం. రెండో సగంలో వచ్చే చావుల బరువు తెలియాలంటే మొదటి సగంలో ఆ ఇద్దరి మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు ఎలా సాగాయో గమనించాలి.

కథ

హార్లో అనే ఊళ్లో క్రెయిగ్ తండ్రితో ఉంటాడు. తల్లి చనిపోయింది. ఒక ఆదివారం చర్చిలో క్రెయిగ్ బైబిల్ భాగం చదవడం విన్న జాన్ హ్యారిగన్ అనే సంపన్నుడు, తన ఇంటికి వచ్చి పుస్తకాలు చదివి పెట్టమని కబురు చేస్తాడు. ఆయనకు చూపు మందగిస్తోంది. కూలి గంటకు 5 డాలర్లు, వారానికి మూడు రోజులు పని. ఇది కాక, ఏడాదిలో నాలుగుసార్లు గ్రీటింగ్ కార్డులో పెట్టి ఒక లాటరీ టికెట్ పంపుతాడు. గోకితే అంకెలు బయటపడే రకం. కోటీశ్వరుడు పంపే బహుమతి అంతేనా అని ఊరివాళ్లు అనుకోవచ్చు గానీ, ఆ ముసలాయన లెక్క ఆయనది.

పిల్లవాడు పెరుగుతాడు. లేడీ చాటర్లీస్ లవర్, హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్ లాంటివి, ఆ వయసుకు మించిన పుస్తకాలు, చదువుతూ పోతాడు. ఐదేళ్లు ఇలా గడుస్తాయి. హైస్కూల్లో చేరాక తోటివాళ్ల చేతుల్లో ఐఫోన్లు చూసి క్రెయిగ్‌కూ ఆశ పుడుతుంది. క్రిస్మస్‌కు తండ్రి కొనిపెడతాడు. హ్యారిగన్ పంపిన లాటరీ టికెట్‌కు ఎట్టకేలకు 3,000 డాలర్లు తగులుతాయి. ఆ డబ్బులోంచి ఆయనకే ఒక ఐఫోన్ కొని తీసుకెళ్తాడు క్రెయిగ్. కొత్త యంత్రాలంటే గిట్టని పెద్దాయన మొదట వద్దంటాడు. షేర్ల ధరలు అప్పటికప్పుడు అరచేతిలో కనబడతాయని తెలిశాక ఆయన పట్టుదల సడలిపోతుంది. తనకు వచ్చే కాల్స్‌కు టామీ వైనెట్ 1968లో పాడిన స్టాండ్ బై యువర్ మ్యాన్ పాటను రింగ్‌టోన్‌గా పెట్టించుకుంటాడు.

ఒకరోజు క్రెయిగ్ వెళ్లేసరికి హ్యారిగన్ కుర్చీలోనే ప్రాణం విడిచి ఉంటాడు. అంత్యక్రియల వేళ కుర్రవాడు ఎవరూ చూడకుండా ఆ ఫోన్‌ను ఆయన కోటు లోపలి జేబులో పెడతాడు. వీలునామాలో తన పేర 8 లక్షల డాలర్లు ట్రస్టుగా రాసిపెట్టి ఉన్నాయని తర్వాత తెలుస్తుంది. దిగులు ఆగక ఆ నంబరుకు కాల్ చేస్తే వాయిస్ మెయిల్‌లో పెద్దాయన గొంతు వినిపిస్తుంది. థ్యాంక్స్ చెబుతాడు, మీరు లేని లోటు తెలుస్తోందంటాడు. తెల్లవారేసరికి అటు నుంచి అర్థంకాని అక్షరాలతో ఒక మెసేజ్ ఉంటుంది.

స్కూల్లో కెన్నీ యాంకోవిచ్ అనే రౌడీ కుర్రాడు క్రెయిగ్‌ను బూట్లు పాలిష్ చేయమని వేధించి, మాట విననందుకు చావగొడతాడు. ఆ బాధ చెప్పుకోవడానికి క్రెయిగ్ మళ్లీ ఆ నంబరుకే కాల్ చేస్తాడు. కెన్నీ చనిపోతాడు. కొన్నేళ్లకు, జర్నలిజం చదవడానికి క్రెయిగ్ బోస్టన్ వెళ్లిన తర్వాత, స్కూల్లో తనను ఆదరించిన టీచర్ మిస్ హార్ట్‌ను ఒక తాగుబోతు కారుతో గుద్ది చంపేస్తాడు. శిక్ష కింద అతన్ని వ్యసన విముక్తి కేంద్రానికి పంపి సరిపెడతారు. క్రెయిగ్ పాత ఫోన్‌ను వెతికి తీసి, ఈసారి సూటిగా, వాడు చావాలని అడుగుతాడు. ఆ కోరికా తీరుతుంది. ఎలా తీరిందో ఆరా తీసిన క్రెయిగ్‌కు, అటు నుంచి వచ్చిన పొడి అక్షరాల్లో ఒక విన్నపం ఉందని అప్పుడు తోస్తుంది. ఆపమని పెద్దాయన అడుగుతున్నాడు. ఫోన్‌ను నీళ్లలోకి విసిరేయడంతో కథ ముగుస్తుంది.

కూలి, బహుమతి, రుణం

ఒక పిల్లవాడు, ఒక వృద్ధుడు స్నేహితులయ్యే కథలకు సినిమాల్లో ఒక అచ్చు ఉంది. ముసలాయన మొదట కసురుకుంటాడు, పిల్లవాడు ఆయన మనసు కరిగిస్తాడు, పోయే ముందు ఆయన జీవిత సత్యం ఒకటి చెప్పి పోతాడు. హాన్‌కాక్ సినిమా ఈ అచ్చును కొంత వాడుకుంది, అందులో ఇమడని ఒక అంశాన్ని కూడా ముందుకు తెచ్చింది. ఈ స్నేహం మొదటినుంచీ ఉద్యోగం. గంటకింత అని మాట్లాడుకుని మొదలుపెట్టిన పని. హ్యారిగన్ దయగలవాడని సినిమా ఎక్కడా చెప్పదు. వ్యాపారంలో అడ్డొచ్చినవాళ్లను తొక్కుకుంటూ పైకొచ్చినవాడని, దాని గురించి పశ్చాత్తాపం లేనివాడని సూచిస్తుంది. శత్రువుతో ఎలా ఉండాలని కుర్రవాడు అడిగితే, దయ చూపకుండా, వేగంగా దెబ్బ తీయాలన్న తరహా సలహా ఇస్తాడు. క్రెయిగ్ ఆయన దగ్గర నేర్చుకున్నది సాహిత్యం ఒక్కటే అనుకుంటే పొరపాటు.

చావు తర్వాత లెక్క తలకిందులవుతుంది. బతికి ఉండగా డబ్బిచ్చి పని చేయించుకున్నవాడు, పోయాక జీతం లేకుండా కుర్రవాడికి పనిచేయడం మొదలుపెడతాడు. క్రెయిగ్ అడుగుతాడు, హ్యారిగన్ చేస్తాడు. తన ఇష్టంతో చేస్తున్నాడా, చేయక తప్పక చేస్తున్నాడా అన్నది సినిమా తేల్చి చెప్పదు. చివర్లో ఆ మెసేజ్‌ల అర్థం గురించి క్రెయిగ్‌కు కలిగే అనుమానం రెండో వైపు మొగ్గు చూపుతుంది. తన మాట పోయినవాడికి విశ్రాంతి లేకుండా చేస్తోందన్న ఎరుక క్రెయిగ్‌ను దెబ్బతీసినంతగా ఏ దయ్యమూ దెబ్బతీయలేదు. అడిగింది దొరకడమే ఇక్కడ భయానకం. మన జానపద కథల్లో వరాలిచ్చే భూతం ఎప్పుడూ ఏదో ఒక మెలిక పెడుతుంది. ఇక్కడ మెలికేదీ లేదు, కోరిక కోరినట్టే తీరుతుంది.

ఈ కోణంలో చూస్తే కెన్నీ చావుకూ తాగుబోతు చావుకూ మధ్య పెద్ద తేడా ఉంది. మొదటిసారి క్రెయిగ్ ఏమీ కోరలేదు, ఏడ్చుకున్నాడంతే. రెండోసారి తెలిసి అడిగాడు. చట్టం కళ్లకు రెండూ ఒకటే, రెండిట్లోనూ అతను నిర్దోషే. సినిమా మాత్రం రెండోదాన్ని అతని ఖాతాలో రాసింది. పత్రికారచన చదువుతున్న కుర్రవాడు కాబట్టి నిజం తేల్చుకునే దాకా వదలడు. పునరావాస కేంద్రంలో పనిచేసే మనిషికి డబ్బిచ్చి వివరాలు రాబడతాడు. హ్యారిగన్ శిష్యుడే కదా.

నవలిక నుంచి తెరకు

మూలకథ 2020 ఏప్రిల్‌లో వచ్చిన ఇఫ్ ఇట్ బ్లీడ్స్ అనే సంపుటంలో మొదటిది. అందులో మొత్తం నాలుగు నవలికలు. పుస్తకం వెలువడిన కొద్ది నెలలకే, 2020 జూలైలో, సినిమా ప్రకటన వచ్చింది. బ్లమ్‌హౌస్ తరఫున జేసన్ బ్లమ్, తన సంస్థ తరఫున ర్యాన్ మర్ఫీ నిర్మాతలు. 2021 శరత్కాలంలో కనెక్టికట్ రాష్ట్రంలో చిత్రీకరణ సాగింది. ఛాయాగ్రాహకుడు జాన్ ష్వార్ట్జ్‌మన్, సంగీత దర్శకుడు పాన్స్ ల్యాబిరింత్‌కు పనిచేసిన హావియర్ నవరెతె.

కింగ్ ఈ కథను పెద్దవాడైన క్రెయిగ్ నోట చెప్పించాడు. గడిచిపోయిన రోజులను తలచుకుంటున్న మనిషి గొంతు అది. హాన్‌కాక్ దాన్ని నేపథ్య కథనంగా ఉంచుకున్నాడు. కొన్ని పేర్లు మారాయి: నవలికలో కెన్నీ ఇంటిపేరు యాంకో, టీచరు పేరు మిస్ హార్జెన్‌సెన్. కథా క్రమం చాలావరకు అదే. ఒక మాటలో చెప్పాలంటే ఇది విధేయమైన అనువర్తనం, అంత విధేయత అవసరమా అనిపించేటంతగా. పుస్తకంలో ఎనభై పేజీల పైచిలుకు కథ చదవడానికి సరిపోతుంది. తెరమీద అదే కథ నూరు నిమిషాలు నడిచేసరికి నడుమ వదులైంది. ఫోన్ రహస్యాన్ని ఛేదించే ప్రయత్నం చివరి ఇరవై నిమిషాల దాకా మొదలే కాదు.

దర్శకుడి గత చరిత్ర చూస్తే ఈ మందగమనం ఎక్కడినుంచి వచ్చిందో బోధపడుతుంది. టెక్సస్‌లో పుట్టిన హాన్‌కాక్ ద రూకీ, ద బ్లైండ్ సైడ్, సేవింగ్ మిస్టర్ బ్యాంక్స్ లాంటి నెమ్మదైన, మనుషుల మీద నమ్మకమున్న సినిమాలు తీసినవాడు. ఆయన రాసిన స్క్రీన్‌ప్లేల్లో పేరొచ్చిన తొలి పని, క్లింట్ ఈస్ట్‌వుడ్ 1993లో తీసిన ఎ పర్‌ఫెక్ట్ వరల్డ్. జైలు నుంచి పారిపోయిన ఖైదీకీ, అతను ఎత్తుకుపోయిన పిల్లవాడికీ మధ్య పెరిగే అనుబంధం ఆ కథ. 2016లో తీసిన ద ఫౌండర్‌లో మెక్‌డొనాల్డ్స్ హోటళ్లను దేశమంతా విస్తరింపజేసిన రే క్రాక్ కర్కశత్వాన్ని చూపించాడు. తండ్రి స్థానంలోకి వచ్చిన ప్రమాదకరమైన మనిషి, దయలేని వ్యాపారి అనే ఈ రెండు ఆసక్తులూ హ్యారిగన్ పాత్రలో కలుసుకున్నాయి. భయపెట్టడం మాత్రం ఆయన అలవాటు పడ్డ విద్య కాదు.

నటులు

చిత్రీకరణ నాటికి సదర్లండ్‌కు 86 ఏళ్లు. 1935లో కెనడాలోని సెయింట్ జాన్‌లో పుట్టిన ఆయన మ్యాష్ (1970), క్లూట్ (1971), ఆర్డినరీ పీపుల్ (1980) చిత్రాలతో పేరు తెచ్చుకున్నాడు. ఈ తరం వాళ్లకు ద హంగర్ గేమ్స్‌లో ప్రెసిడెంట్ స్నోగా తెలుసు. ఇన్నేళ్ల నట జీవితంలో ఒక్కసారి కూడా ఆస్కార్ నామినేషన్ దక్కలేదు. 2017లో గౌరవ ఆస్కార్ ఇచ్చి అకాడమీ ఆ లోటు పూడ్చుకుంది. అతీంద్రియ కథలు ఆయనకు కొత్త కావు. నికొలస్ రోగ్ 1973లో తీసిన డోంట్ లుక్ నౌలో, కూతురిని పోగొట్టుకుని వెనిస్ సందుల్లో తిరిగే తండ్రి ఆయనే. కింగ్ నవల సేలమ్స్ లాట్ 2004లో టీవీ మినీ సిరీస్‌గా వచ్చినప్పుడు స్ట్రేకర్ పాత్ర వేశాడు.

హ్యారిగన్ పాత్రలో ఆయన దాదాపుగా కదలడు. కుర్చీ, తోట, మళ్లీ కుర్చీ. పిల్లవాడు చదువుతున్న వాక్యం నచ్చినప్పుడు కళ్లలో కనిపించే మార్పు, ఐఫోన్‌ను మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు వేళ్లలో తడబాటు, ఇలాంటి వాటితోనే పాత్రను నిలబెట్టాడు. చనిపోయిన తర్వాత సినిమాలో ఆయన లేని వెలితి ప్రేక్షకుడికీ తెలుస్తుంది. ఇది కథకు మేలు చేసింది, సినిమాకు కీడు చేసింది. 2024 జూన్ 20న, 88 ఏళ్ల వయసులో సదర్లండ్ మరణించాడు.

2003లో పుట్టిన మార్టెల్‌కు పెద్దవాళ్ల పక్కన నటించడం చిన్నప్పటినుంచీ అలవాటే. 2014లో వచ్చిన సెయింట్ విన్సెంట్‌లో, పొరుగింటి తాగుబోతు ముసలాయనతో స్నేహం చేసే పిల్లవాడు అతనే; ఆ ముసలాయన బిల్ మర్రే. 2017 నాటి ఇట్‌లో బిల్ డెన్‌బ్రో పాత్ర వేసి కింగ్ లోకంలో అడుగుపెట్టాడు. క్రెయిగ్ చిన్ననాటి పాత్రను కాలిన్ ఓబ్రయన్, తండ్రి పాత్రను జో టిపెట్, మిస్ హార్ట్‌ను కర్బీ హవెల్-బాప్టిస్ట్, కెన్నీని సైరస్ ఆర్నల్డ్ పోషించారు.

2007 నాటి ఫోన్

కథలోని ఫోన్ మొదటి తరం ఐఫోన్. ఆపిల్ సంస్థ దాన్ని 2007 జనవరి 9న ప్రకటించి, జూన్ 29న అమ్మకానికి పెట్టింది. 4 జీబీది 499 డాలర్లు, 8 జీబీది 599. సెప్టెంబరులో పెద్దదాని ధర 399కి దించారు. యాప్ స్టోర్ ఇంకా రాలేదు, అది 2008 జూలైలో మొదలైంది. షేర్ల ధరలు చూపించే యాప్ మాత్రం మొదటి రోజునుంచీ ఫోన్‌లోనే ఉంది. హ్యారిగన్ లాంటివాడు దేనికి లొంగిపోతాడో కింగ్ సరిగ్గా పట్టుకున్నాడు.

లొంగిపోయినవాడే దాన్ని ముందుగా అనుమానించాడు కూడా. వార్తాపత్రికకు డబ్బు కట్టి చదివేవాళ్లు ఉండగా ఆ సమాచారాన్నే ఫోన్‌లో ఉచితంగా ఎందుకు పంచుతున్నారు, దీంట్లో ఎవరి లాభం ఎంత అని ఆయన ఆలోచిస్తాడు. ఉచితంగా ఇచ్చి అలవాటు చేసి, తర్వాత వసూలు చేస్తారని ఊహిస్తాడు. పత్రికలు మునుగుతాయని, అబద్ధపు వార్తలు ముంచెత్తుతాయని చెబుతాడు. 2020లో కూర్చుని 2008 నాటి పాత్ర చేత భవిష్యత్తు చెప్పించడం రచయితకు సులువే, ఎంతైనా జరిగిపోయినదాని గురించే కదా. అయినా ఆ సన్నివేశం పండింది. వ్యాపారి బుర్రతో ఆలోచించి చేరుకున్న నిర్ణయం కాబట్టి జోస్యంలా కాక బేరం లెక్కలా వినిపిస్తుంది.

సాంకేతికంగా మరొక్క విషయం. పూడ్చిపెట్టిన ఫోన్‌కు కాల్ చేస్తే పోయినవాడి గొంతు వినిపించడంలో వింతేమీ లేదు. వాయిస్ మెయిల్ పలకరింపు ఉండేది ఫోన్‌లో కాదు, టెలిఫోన్ కంపెనీ సర్వర్‌లో. బ్యాటరీ అయిపోయినా, పరికరం మట్టిలో ఉన్నా, కనెక్షన్ రద్దయ్యేదాకా ఆ గొంతు పలుకుతూనే ఉంటుంది. కింగ్ ఈ వాస్తవాన్ని తెలివిగా వాడాడు. గొంతు వినబడటం సహజం, తిరిగి మెసేజ్ రావడం అసహజం. ఒకదాని పక్కనే రెండోదాన్ని పెట్టడంతో గీత ఎక్కడ దాటామో పాఠకుడికి తెలియదు. ఈ కథకు బీజమైన సంగతిని కింగ్ పుస్తకం చివర రాసుకున్నాడు. ఒక ఆప్తమిత్రుడు హఠాత్తుగా పోయినప్పుడు ఆ గొంతు ఇంకోసారి విందామని అతని నంబరుకు ఫోన్ చేశాడట. ఊరట కలగకపోగా ఒళ్లు జలదరించిందట.

కింగ్ కథల్లో పెద్దాయనలు, కుర్రవాళ్లు

కింగ్ 1947లో మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లండ్‌లో పుట్టాడు. రెండేళ్ల వయసులో తండ్రి ఇల్లు వదిలి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. తల్లే పెంచింది. ఆయన రచనల్లో తండ్రి వయసువాడో తాత వయసువాడో ఒక పరాయి మగవాడు కుర్రవాడి జీవితంలోకి వచ్చి నిలవడం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. దానికి ఆయన బాల్యమే కారణమని తేల్చేయడం తొందరపాటే గానీ, పోలిక కళ్లబడకుండా ఉండదు. ద షైనింగ్ (1977)లో చిన్నారి డానీకి తనలో ఉన్న శక్తి ఏమిటో వివరించేది వంటవాడు హలొరన్. అతనిది కూడా అదే శక్తి.

హ్యారిగన్‌కు అన్నిటికంటే దగ్గరి చుట్టం 1999లో వచ్చిన హార్ట్స్ ఇన్ అట్లాంటిస్ పుస్తకంలోని టెడ్ బ్రాటిగన్. బాబీ అనే పదకొండేళ్ల పిల్లవాడి ఇంటి మేడమీద అద్దెకు దిగుతాడు. ఇతరుల మనసులు చదవగలడు. కళ్లు సరిగా కనపడవని చెప్పి, వారానికి ఒక డాలరు ఇచ్చి బాబీ చేత వార్తాపత్రిక చదివించుకుంటాడు. నిజానికి అతనికి కావలసింది తన వెంటపడుతున్న మనుషుల జాడ కనిపెట్టే కళ్లు. స్కాట్ హిక్స్ 2001లో తీసిన సినిమాలో టెడ్‌గా ఆంథొనీ హాప్‌కిన్స్, బాబీగా ఆంటన్ యెల్చిన్ నటించారు. స్క్రీన్‌ప్లే విలియం గోల్డ్‌మన్‌ది. చూపు మందగించిన పెద్దాయన, చదివి పెట్టే పిల్లవాడు, చేతిలో పెట్టే చిల్లర: ఇరవై ఏళ్ల తేడాతో కింగ్ అదే గదిలోకి మళ్లీ వచ్చి కూర్చున్నాడు. టెడ్ కథలో ఆప్యాయత ఎక్కువ, హ్యారిగన్ కథలో లెక్కలు ఎక్కువ. రెండు సినిమాలనూ వరసగా చూసినవాళ్లకు రెండోదే ఎక్కువ నిజాయితీ గలదనిపించవచ్చు, మొదటిదే ఎక్కువ మనసుకు పట్టవచ్చు.

దీనికి చీకటి ముఖం ఏప్ట్ ప్యూపిల్. 1982 నాటి డిఫరెంట్ సీజన్స్ సంపుటంలోది. అందులో అతీంద్రియం ఏమీ లేదు. పొరుగున పేరు మార్చుకుని బతుకుతున్న ముసలాయన ఒకప్పటి నాజీ అధికారి అని ఒక హైస్కూలు కుర్రవాడు కనిపెడతాడు. పోలీసులకు చెప్పకుండా, ఆ ఘోరాల కథలు తనకు చెప్పమని బెదిరిస్తాడు. వినేవాడు, చెప్పేవాడు స్థానాలు మారారు, కూలికి బదులు బెదిరింపు వచ్చింది. 1998 సినిమాలో ఆ ముసలాయన పాత్ర ఇయన్ మెకెలన్ వేశాడు.

ఇక ఫెయిరీ టేల్ నవల 2022 సెప్టెంబరులో, అంటే ఈ సినిమాకు నెల ముందు వచ్చింది. పదిహేడేళ్ల చార్లీ, నిచ్చెన మీదినుంచి పడ్డ బౌడిచ్ అనే ముసలాయనకు సేవ చేస్తాడు. ఆయన పోతూ ఇల్లు రాసిస్తాడు, తన రహస్యం క్యాసెట్‌లో చెప్పి వెళ్తాడు. పోయినవాడి గొంతు యంత్రంలోంచి వినిపించడం అక్కడా ఉంది.

హార్లో ఊరు కూడా కింగ్ పాఠకులకు పరిచితమే. మ్యాప్‌లో కనబడని కల్పిత గ్రామం. స్టాండ్ బై మీ సినిమాకు మూలమైన ద బాడీలో నలుగురు పిల్లలు శవాన్ని వెతుక్కుంటూ నడిచి వెళ్లేది అటువైపే. 2014 నవల రివైవల్ కూడా అక్కడే మొదలవుతుంది.

తీగకు అటువైపు చనిపోయినవాళ్లు

శవపేటికలోంచి కబురు అందుకోవాలన్న ఆలోచన ఫోన్ కంటే పాతది. బతికుండగానే పూడ్చేస్తారేమోనన్న భయం పందొమ్మిదో శతాబ్దపు యూరప్, అమెరికాల్లో బలంగా ఉండేది. లోపలి మనిషి తాడు లాగితే పైన గంట మోగే పేటికకు న్యూజెర్సీలోని న్యూఆర్క్‌కు చెందిన ఫ్రాంజ్ వెస్టర్ 1868లో పేటెంట్ పొందాడు. 1920లో థామస్ ఎడిసన్ అంతటివాడు, పోయినవాళ్ల ఉనికి ఏదైనా మిగిలి ఉంటే దాన్ని పట్టుకునే సున్నితమైన పరికరం తయారు చేయాలనుకుంటున్నానని పత్రికలకు చెప్పాడు.

తెరమీద ఈ కథకు అసలైన పూర్వీకుడు ద ట్విలైట్ జోన్ టీవీ ధారావాహికలో 1961లో ప్రసారమైన లాంగ్ డిస్టెన్స్ కాల్. నాయనమ్మ పుట్టినరోజు కానుకగా ఇచ్చిన బొమ్మ టెలిఫోన్‌లో, ఆమె పోయాక, చిన్న పిల్లవాడు ఆమెతో మాట్లాడుతుంటాడు. ఒంటరిగా ఉంది, మనవణ్ని తన దగ్గరికి రమ్మంటుంది. పెద్దలు, పిల్లలు, ఫోన్, చావు అన్నీ అక్కడే ఉన్నాయి, ప్రేమే ప్రమాదంగా మారడంతో సహా. అదే ధారావాహికలో 1964 నాటి నైట్ కాల్‌ను రిచర్డ్ మాథిసన్ రాశాడు, జాక్ టూర్నర్ తీశాడు. అర్ధరాత్రి ఫోన్ మోగించేది శ్మశానంలో తెగిపడ్డ తీగ. మాథిసన్‌ను గురువుగా చెప్పుకునే కింగ్ 1987లో సారీ, రైట్ నంబర్ పేరుతో ఒక టీవీ కథ రాశాడు. అదీ కాలాన్ని దాటి వచ్చే ఫోన్ గురించే.

సెల్‌ఫోన్ వచ్చాక తూర్పు దేశాలు ముందు మేలుకున్నాయి. కొరియాలో ఫోన్ (2002), జపాన్‌లో తకాషి మీకె తీసిన వన్ మిస్డ్ కాల్ (2003) ఆ పరికరాన్ని శాపంగా చూపించాయి. జపాన్‌లోనే దీనికి పూర్తి విరుద్ధమైన ఉదాహరణ ఒకటుంది. ఓత్సుచి పట్టణంలో ఒకాయన తోటలో, ఏ తీగా తగిలించని ఫోన్ బూత్ ఒకటి 2010లో ఏర్పాటు చేసుకున్నాడు, పోయిన బంధువుతో మాట్లాడుకోవడానికి. 2011 సునామీలో ఆ తీరం తుడిచిపెట్టుకుపోయాక వేలమంది వచ్చి అందులో తమవాళ్లతో మాట్లాడి వెళ్లారు. అటునుంచి జవాబు రాదని తెలిసే వచ్చారు. క్రెయిగ్ మొదటి కాల్ కూడా అలాంటిదే.

2022లో ఇంకో కాకతాళీయం జరిగింది. కింగ్ కొడుకు జో హిల్ రాసిన కథ ఆధారంగా స్కాట్ డెరిక్సన్ తీసిన ద బ్లాక్ ఫోన్ ఆ వేసవిలోనే థియేటర్లకు వచ్చింది. అపహరణకు గురైన కుర్రవాడికి, తీగ తెగిన ఫోన్‌లో, తనకంటే ముందు చనిపోయిన పిల్లలు మాట్లాడి తప్పించుకునే దారి చెబుతారు. నిర్మాత అదే బ్లమ్‌హౌస్. తండ్రి కథలో ఫోన్ ఇతరుల ప్రాణం తీస్తుంది, కొడుకు కథలో ప్రాణం నిలుపుతుంది. జనాదరణలో కొడుకుదే పైచేయి.

మెసేజ్‌లూ వాయిస్ మెయిళ్లూ లేని కాలానికి వెళ్తే, వయసులో పెద్దదైన ఆత్మకూ పసివయసు మనిషికీ స్నేహం అనే ఇతివృత్తానికి ఆస్కర్ వైల్డ్ 1887లో ప్రచురించిన ద క్యాంటర్‌విల్ ఘోస్ట్ మూలపురుషుడు. మూడు వందల ఏళ్లుగా నిద్రలేని సర్ సైమన్ దయ్యానికి విశ్రాంతి సంపాదించి పెట్టేది పదిహేనేళ్ల వర్జీనియా. అమితాబ్ బచ్చన్ నటించిన హిందీ భూత్‌నాథ్ (2008) దాని ఛాయలోనే వచ్చింది. వైల్డ్ కథలో పిల్ల దయ్యాన్ని నిద్రపుచ్చుతుంది, కింగ్ కథలో పిల్లవాడు నిద్ర చెడగొడతాడు.

ఆదరణ

విమర్శకుల స్పందన మిశ్రమం. సదర్లండ్, మార్టెల్‌ల మధ్య సన్నివేశాలను మెచ్చుకున్నవాళ్లే, భయం పాలు తక్కువైందని, రహస్యం రహస్యంగా నడవలేదని పెదవి విరిచారు. రెండూ న్యాయమైన మాటలే. నెట్‌ఫ్లిక్స్ అంతకుముందు కింగ్ రచనలతో తీసిన జెరల్డ్స్ గేమ్, 1922 (రెండూ 2017లో వచ్చినవి) చూసినవాళ్లు వాటితో పోల్చి దీన్ని తక్కువ చేశారు. ఆ రెండిట్లోనూ దర్శకులు కథకు లొంగకుండా దాన్ని వంచుకున్నారు. హాన్‌కాక్ వంచలేదు. ఈ కథలో అత్యంత క్రూరమైన ప్రశ్న, హ్యారిగన్ ఎలాంటివాడో తెలిసీ క్రెయిగ్ ఆయన్నే ఎందుకు ఆశ్రయించాడన్నది. సినిమా దాని దగ్గరిదాకా వెళ్లి, కుర్రవాడి కన్నీళ్ల వైపు తిరిగిపోయింది.

అదే సంపుటంలోని ద లైఫ్ ఆఫ్ చక్ నవలికను జెరల్డ్స్ గేమ్ దర్శకుడు మైక్ ఫ్లానగన్ సినిమాగా తీశాడు. 2024 సెప్టెంబరులో టొరంటో చలనచిత్రోత్సవంలో దానికి ప్రేక్షకుల బహుమతి దక్కింది, 2025లో థియేటర్లకు వచ్చింది. అందులోనూ తల్లిదండ్రులు లేని కుర్రవాడున్నాడు, తాతయ్యగా మార్క్ హామిల్ ఉన్నాడు, మేడమీద తాళం వేసిన గది ఒకటుంది. రాబోయే చావులు ఆ గదిలో కనిపిస్తాయి కాబట్టి మనవణ్ని అటు పోనివ్వకూడదన్నది ఆ తాతయ్య పట్టుదల.